ఒక ఇంటి కథ రెండిళ్ళలో ఉంటుంది

ఇంటి కథలు చదివే, రాసే ఉద్యమానికి తొలి ప్రణాళిక

మీ అమ్మమ్మను కన్నతల్లి పేరేమిటి?

మేం ఈ ప్రశ్న దగ్గరే మొదలయ్యాం. పోయిన కార్తీకంలో ఒక స్నేహితురాలి డాబా మీద పదకొండు మందిమి కూర్చున్నాం. బడి పంతుళ్ళున్నారు, కరెంటు లైన్‌మన్ ఒకతను ఉన్నాడు, కథలు రాసేవాళ్ళు ఇద్దరు, రిటైరైన తహసీల్దారు ఒకాయన. నాన్న వైపు ముత్తాత పేరు తొమ్మిది మంది తడుముకోకుండా చెప్పారు. అమ్మమ్మ తల్లి పేరు ఇద్దరికే వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకామెకు కూడా అది ఎవరో చెబితే తెలిసింది కాదు. వాళ్ళింట్లో ఇప్పటికీ నీళ్ళు కాచుకునే ఇత్తడి గంగాళం అంచు మీద ఆ పేరు చెక్కి ఉంది. కాపురానికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు సారెలో పెట్టి, కొట్టించి ఇచ్చిన పేరు. ఆ మనిషి పోయి ఎనభై ఏళ్ళయింది. కాగితం మీద ఎక్కడా లేదు, గంగాళం మీద ఉంది.

ఆ రాత్రి అనుకున్న మాట ఇది. మూడు తరాలకు తగ్గకుండా ఇంటి కథలు రాయాలి. రాసే ముందు, ఇప్పటికే వచ్చినవి కూర్చుని చదవాలి. చదివినవీ రాసినవీ ఒకరికొకరం గట్టిగా వినిపించుకోవాలి. దీనికి రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు లేడు, చందా లేదు. ఈ కాగితం ఒక్కటే ఉంది. చదివి ఒప్పుకున్నవాళ్ళంతా ఇందులో ఉన్నట్టే.

మూడు తరాలని ఎందుకు పట్టుబడుతున్నామో చెప్పాలి. ఒక్క తరమే రాస్తే అది స్వీయచరిత్ర. అమ్మానాన్నల దాకా వెళ్ళి ఆగిపోతే పొగడ్తో ఫిర్యాదో అవుతుంది. సొంతిల్లు కట్టేదాకా మా నాన్న మాకెవరికీ పండగకు కూడా కొత్త బట్టలు కొననివ్వలేదు. దాని మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. ఆయన తొమ్మిదో ఏట కోర్టు అమీనా వచ్చి, అప్పు కింద ఇంటి తలుపులు ఊడదీయించుకుపోయాడని, ఆ వానాకాలమంతా వాకిలికి గోనెపట్టా కట్టుకుని పడుకున్నారని నాకు యాభై ఏళ్ళు దాటాక మా మేనత్త చెప్పింది. తాత చేసిన అప్పు తెలిశాకే నాన్న నాకు తెలిశాడు.

చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు

తెలుగునేల మీద వంశం కథ చెప్పడం ఒక వృత్తి. పిచ్చుకుంట్లవాళ్ళు, ఇప్పుడు వంశరాజులుగా పిలిపించుకుంటున్నవాళ్ళు, రెడ్ల ఇళ్ళకూ కాపుల ఇళ్ళకూ వచ్చి గోత్రాలు చెప్పేవాళ్ళు. మాదిగల పుట్టుక కథ జాంబపురాణంగా డక్కలివాళ్ళ నోట నిలిచింది. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, గొల్లలకు మందెచ్చులవాళ్ళు. ఆదిలాబాద్ అడవుల్లో రాజగోండులకు వాళ్ళ సగల, అంటే వంశశాఖల, కథలు చెప్పేది ప్రధానులు, తోటివాళ్ళు. ప్రధానుల చేతిలో కిక్రి పలుకుతుంటే ఒక్కో సగ ఎక్కణ్ణుంచి వచ్చిందో, దేనికి దేనితో పెళ్ళి పొత్తు కుదురుతుందో పిల్లలకు కూడా తెలిసిపోయేది. చేర్యాల నకాషీ చిత్రకారులు మూరల కొద్దీ గుడ్డ మీద బొమ్మలు వేసి ఇస్తే, ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రుళ్ళు కథ నడిపించేవాళ్ళు. ఏ ఇంటివాళ్ళు ఏ ఊళ్ళలో చెప్పాలో వాళ్ళలో వాళ్ళు పంచుకున్న మిరాశీ ఉండేది. అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. కథ వినే వంశం ఒకటి, చెప్పే వంశం ఒకటి, తరతరాలుగా ఎదురెదురుగా కూర్చున్నాయి.

ఇచ్చే చేతులు వెనక్కి తగ్గాక చెప్పే గొంతులూ తగ్గాయి. పటాలు అమ్ముడుపోయాయి. పిల్లలు కూలి పనులకు పట్నం చేరారు. జయధీర్ తిరుమలరావు లాంటివాళ్ళు ఊరూరా తిరిగి వాద్యాలూ పటాలూ పోగుచేసి ఉండకపోతే చూడటానికైనా మిగిలేవి కావు. మేం ఈ కళాకారులను గురువులుగా తలుచుకుంటాం. ఇంత పొడుగు కథను ఏ ముక్కా జారకుండా ఎలా పట్టుకోవాలో, విన్నవాణ్ణి తెల్లవారేదాకా ఎలా కూర్చోబెట్టాలో వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

ఒకటి మాత్రం తీసుకోం. యజమాని వాకిట్లో చెప్పే కథ యజమాని మెచ్చేలా ఉంటుంది. మూలపురుషుడు ఉంటాడు, శౌర్యం ఉంటుంది, దానాలు ఉంటాయి. కోడళ్ళ పేర్లు ఉండవు, కట్టని అప్పులు ఉండవు. అందరి వంశాలూ చెప్పిన ఈ మనుషుల ఇళ్ళలో ఏం జరిగిందో ఏ వాకిట్లోనూ ఎవరూ చెప్పలేదు. మా మొదటి పిలుపు ఆ ఇళ్ళలోని పిల్లలకే. మీ తాతలు ఊరందరి కథా చెప్పారు. మీ కథ మీరు చెప్పండి, మేం వింటాం.

కాగితం మీది జ్ఞాపకం కూడా ఇలాంటిదే. రెండు వందల ఏళ్ళ కింద సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊళ్ళు తిరిగారు. కరణాల కవిలెల నుంచి కైఫీయతులు రాయించారు. అవి లేకపోతే మన ఊళ్ళ చరిత్రలో పెద్ద గుంత ఉండేది. అయినా వాటిలో గుళ్ళు, మాన్యాలు, పాలకుల వరసలే ఎక్కువ. మాన్యం దున్నినవాడి ఇంట్లో ఎవరెవరున్నారో వెతికితే దొరకదు.

రెండు కుంచాలు

మా అమ్మ పుట్టిల్లు కృష్ణా డెల్టాలో. అమ్మ తండ్రి ఒక్కడే కష్టపడి, ఎకరం పక్కన ఎకరం కొని, పద్నాలుగు ఎకరాలు ఎలా చేశాడో మా పిల్లలకు కూడా వచ్చు. పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాం, దినాలప్పుడు చెప్పుకుంటాం. ఆ కథలో ఒక పాలేరు వస్తాడు. వరద రాత్రి మెడలోతు నీళ్ళలో గొడ్లను తోలుకొచ్చి కాలవగట్టు ఎక్కించినవాడు. అతనికి మా కథలో పేరు లేదు. "మన పాలేరు" అంటాం, అంతే.

ఇది రాద్దామని కూర్చున్నప్పుడు అమ్మను అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించి పేరు చెప్పింది. ఇంటిపేరు తెలియదంది. ఆ ఊరు వెళ్ళి, పేటలో వాకబు చేస్తే అతని మనవరాలు దొరికింది. అంగన్‌వాడీలో పని చేస్తోంది. ఆమెకు మా ఇంటి సంగతి నాకంటే ఎక్కువ తెలుసు. ఏ గదికి ఏ వైపు తలుపో, మా అమ్మమ్మ ఎవరూ చూడకుండా దొడ్డి గోడ మీద నుంచి ఏం అందించేదో, అన్నీ తాత చెప్పగా విన్నదట. పదో ఏట మా గొడ్ల కొట్టంలో పడుకోవడానికి వచ్చిన పిల్లవాడు ఆమె తాత. టీ ఇచ్చింది. మాటల మధ్యలో, కోపం ఏమీ లేకుండా, "మీ ఇంట్లో కుంచాలు రెండుండేయంటమ్మా, తీసుకునేదానికి ఒకటి, ఇచ్చేదానికి ఒకటి" అంది.

మా పద్నాలుగు ఎకరాల కథలో ఆ రెండో కుంచం లేదు.

మా తాత కష్టపడలేదని కాదు. తెల్లవారుజామున లాంతరు పట్టుకుని మడవ కట్టడానికి పోయేవాడన్నదీ నిజమే. కానీ మా ఇంట్లో ఉన్నది సగం కథ. మిగతా సగం ఆ పేటలో, మూడు గదుల ఇందిరమ్మ ఇంట్లో ఇన్నేళ్ళూ భద్రంగా ఉంది. ఎవరూ వెళ్ళి అడగలేదు. ఈ ఉద్యమానికి పునాది ఈ సంగతే. ఏ ఇంటి కథైనా ఆ ఇంట్లో పూర్తిగా ఉండదు. పనిచేసినవాళ్ళ ఇంట్లో ఉంటుంది, అప్పిచ్చినవాళ్ళ ఇంట్లో ఉంటుంది, పంపకాల్లో మాటలు పోయిన చిన్నతాత మనవళ్ళ ఇంట్లో ఉంటుంది. ఆ గుమ్మాలు ఎక్కకుండా రాసిందాన్ని మేం ఇంటి కథగా లెక్కపెట్టం.

అందుకే భూమి ఉన్న ఇళ్ళవాళ్ళు రాస్తే పాలేరు పేరు, జీతగాడి పేరు, పురుడు పోసిన మంత్రసాని పేరు రాయాలి. తెలంగాణలో గడీల వారసులు రాస్తే వెట్టి సంగతి రాయాలి, నాగు వడ్డీ సంగతి రాయాలి. ఇల్లరికం వచ్చి జీవితమంతా అత్తగారి ఎదుట కుర్చీలో కూర్చోని అల్లుడు రావాలి. పదేళ్ళకే భర్త పోయి, వంటింట్లోనే ముసలిదైపోయిన మేనత్త రావాలి. తాత పక్కూళ్ళో పెట్టిన రెండో ఇల్లు, ఆ ఇంటి పిల్లలు రావాలి. వాళ్ళూ మనవాళ్ళే. పరువు కోసం రాసేవాళ్ళకు వంశ ప్రతిష్ఠ పుస్తకాలు అచ్చు వేసిపెట్టేవాళ్ళు వేరే ఉన్నారు.

ముందు చదువుదాం

అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వచ్చింది. సహవాసి దాన్ని ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. పేరుకు అమెరికా పుస్తకం, కానీ మన ఊళ్ళలో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేదాకా చదివారు. టెనెసీలో హెన్నింగ్ అనే చిన్న ఊళ్ళో అమ్మమ్మా, ఆమె అక్కచెల్లెళ్ళూ వరండాలో కూర్చుని చెప్పుకున్న మాటల్లో కొన్ని ఆఫ్రికా పదాలు మిగిలిపోయాయి. ఒక నది పేరు, ఒక వాద్యం పేరు. ఆ పదాల కొసలు పట్టుకుని గాంబియా నది ఒడ్డు దాకా వెళ్ళాడాయన. తరవాత చరిత్రకారులు ఆ వంశక్రమంలో కొన్ని ముడులు సరిగా పడలేదన్నారు. ఇంకొకరి నవలలోంచి కొన్ని భాగాలు వచ్చాయన్న దావా 1978లో రాజీతో ముగిసింది. ఈ సంగతులు పక్కన పెట్టుకునే ఆ పుస్తకం చదువుదాం. విన్నది ఏది, కాగితంలో దొరికింది ఏది, మనం ఊహించుకుని నింపింది ఏది అన్నది పాఠకుడికి విడివిడిగా తెలిసేలా రాయడం అక్కడ నేర్చుకోవాలి.

తెలుగులో మేం ముందుగా చేతికి అందించేది జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’. 2000లో వచ్చింది. ముసలి రూతు గుర్తు చేసుకుంటూ పోతుంటే ఎల్లన్న, సుభద్ర, శివయ్య, రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ ఒకరి వెనక ఒకరు వస్తారు. పాట కట్టినవాడూ ఆట ఆడినవాడూ సాహిత్య చరిత్రలో పేరు లేకుండా పోయిన అన్యాయాన్ని ఒక కుటుంబం మీదుగా ఇంత సూటిగా చెప్పిన పుస్తకం మరొకటి మాకు కనిపించలేదు. శివయ్య ఆకలికి ఊరు వదిలి కాలవ తవ్వకానికి పోయే భాగం చదివేటప్పుడు చరిత్ర కూడా పక్కన పెట్టుకోవాలి. 1876లో మొదలైన ధాత కరువులో బకింగ్‌హాం కాలవ పని కరువు పనిగా నడిచింది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఆ కాలవలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. ఆ తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అందరూ చెబుతారు. అందులో ఎన్ని ఇళ్ళున్నాయో, ఆ రోజు ఎవరెవరు ఏ ఊరి నుంచి నడిచొచ్చారో వాళ్ళ మునిమనవళ్ళు రాయాలి.

వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’లో సాంబయ్య, కొడుకు వెంకటపతి, మనవడు రవి. నేల సంపాదించడం, పోగొట్టుకోవడం, మళ్ళీ నేల దగ్గరికి రావడం మూడు తరాల్లో జరిగిపోతాయి. కోస్తాలో వ్యవసాయ కుటుంబాలవాళ్ళకు ఇది అద్దంలా ఉంటుంది. వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ తెలంగాణ మాదిగ కుటుంబం ఒకటి ఊరు వదిలి రైల్వే క్వార్టర్లు చేరి, చదువును పట్టుకుని పైకి వచ్చిన కథ. సుజాత గిడ్ల న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ తల్లి మంజుల కథ, మేనమామ కె.జి. సత్యమూర్తి కథ ఇంగ్లీషులో రాశారు, 2017లో వచ్చింది. శివసాగర్ పేరుతో ఆ సత్యమూర్తి రాసిన కవిత్వం చదివినవాళ్ళు ఆ ఇంటి వంటగది కూడా చూడాలి.

విశ్వనాథ ‘వేయిపడగలు’ చదవొద్దని మేం అనం. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకున్న ఆ నవలలో ఒక సంస్థానం కూలిపోతున్న దుఃఖం ఉంది. ఆ దుఃఖం నిజమైనదే. దాన్ని ‘అంటరాని వసంతం’ పక్కన పెట్టి, ఒకే నెలలో, ఒకే గదిలో, ఒకే మనుషులు చదవాలి. ఊరి ఈ చివరా ఆ చివరా నిలబడి చూసినట్టు ఉంటుంది.

ఇక పద్ధతి నేర్చుకోవడానికి ‘మనకు తెలియని మన చరిత్ర’. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, టేపు పెట్టి, వాళ్ళ మాటల్లోనే అచ్చువేశారు. పోరాటం అయిపోయాక "ఇక ఇంటికి పొమ్మన్నప్పుడు" ఆ ఆడవాళ్ళకు ఏమైందో పార్టీ చరిత్రలు చెప్పనిది అందులో ఉంది.

రెండు చెట్లలోనూ లేని మనిషి

మన వంశవృక్షాల్లో ఆడపిల్ల దగ్గర గీత ఆగిపోతుంది. పెళ్ళయింది కాబట్టి. అత్తింటి వృక్షంలో ఆమె ఫలానా ఆయన పేరు పక్కన బ్రాకెట్లో ‘భార్య’. పుట్టింటి చెట్టులో లేదు, మెట్టినింటి చెట్టులో లేదు. పైగా ఇంటిపేరు మారిపోతుంది. కొన్ని ఇళ్ళలో అత్తగారి పేరే ఆమె పేరు కూడా అయితే, అత్తగారి పేరు పలకకూడదని అసలు పేరే మార్చి పిలుస్తారు. అలా పెళ్ళికి ముందు ఒక పేరు, తరవాత ఒక పేరుతో బతికిన మనిషిని రెండు తరాల తరవాత పట్టుకోవడం ఎంత కష్టమో మాకు ఇప్పుడు తెలుస్తోంది.

వెతికితే జాడలు లేకపోలేదు. పాత దస్తావేజుల్లో పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం దగ్గర ఆమె పేరు కనబడుతుంది. అమ్మకం కాగితం చివర సాక్షుల్లో ‘ఫలానామ్మ నిశాని’ అని, పక్కన వేలిముద్ర ఉంటుంది. పంపకాల కాగితాలు 1985కు ముందువీ తరవాతవీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ ఏడాది సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. కాగితంలో ఆడపిల్లల పేర్లు అక్కణ్ణుంచి ఎలా రావడం మొదలైందో, ఎన్నిచోట్ల ‘వద్దని రాసిచ్చింది’ అన్న ముక్క కూడా వెంటనే చేరిందో చూస్తే ఇంటింటా ఏం జరిగిందో అర్థమవుతుంది.

మేం గీసే చెట్టు అమ్మమ్మ తల్లి దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి కూతుళ్ళ మీదుగా కిందికి దిగుతుంది. మగవాళ్ళను వదిలెయ్యం, వాళ్ళ గీతలు ఇప్పటికే ఉన్నాయి.

ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

అటక మీది ట్రంకుపెట్టె దగ్గర మొదలుపెట్టండి. అందులో అన్నిటికంటే విలువైనది పెళ్ళి చదివింపుల పుస్తకం. ఎవరు వచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎంత చదివించారు అన్నది పద్దు పెట్టి ఉంటుంది. 1960లలో రెండు రూపాయలు చదివించిన మనిషి పేరు పట్టుకుని వెళ్తే తెగిపోయిన చుట్టరికాలు బయటపడతాయి. ఆ పుస్తకంలో లేని దగ్గరివాళ్ళ పేర్లు ఇంకా ముఖ్యం. మేనమామ పేరు లేదంటే ఏదో జరిగింది. శుభలేఖలు, ఇన్‌లాండ్ లెటర్లు, రేషన్ కార్డులు, బడి టీసీలు, ఫొటోల వెనక రాతలు పారెయ్యకండి. భూమి రికార్డులకు తెలంగాణలో సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ చూడండి. ఆంధ్రలో పాత అడంగళ్ళు చూడండి. క్రైస్తవ కుటుంబాలకు చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరు ఉంటుంది. కొన్ని దళిత కుటుంబాల్లో ముత్తాత పేరు మొదటిసారి కాగితం ఎక్కింది అక్కడే. కాశీ, గయ వెళ్ళిన కుటుంబాలకు పండాల పుస్తకాల్లో సంతకాలు దొరకవచ్చు.

పెద్దవాళ్ళ పుట్టిన తేదీలను నమ్మకండి. జులై ఒకటి, జూన్ ఒకటి అని ఉంటే అది బడిలో చేర్చుకున్న పంతులు వేసిన తేదీ. వాళ్ళకు ఏళ్ళు గుర్తుండవు, సంగతులు గుర్తుంటాయి. మూసీకి వరదొచ్చిన ఏడు అంటే 1908. పోలీసు యాక్షన్ అంటే 1948. దివిసీమ ఉప్పెన అంటే 1977 నవంబరు. తెలుగు సంవత్సరం పేరు చెబితే జాగ్రత్తగా ఉండాలి, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. ధాత అంటే 1876-77 కావచ్చు, 1936-37 కావచ్చు, 1996-97 కావచ్చు. గుంటూరు సీమలో జనం డొక్కలెండి చచ్చిన నందన 1832-33. "మా అమ్మ నందనలో పుట్టింది" అని ముసలాయన అంటే అది 1892-93 అవ్వాలి. ముందూ వెనకా ఇంకో సంగతి అడిగి కట్టుకోవాలి.

"మీ జీవితం చెప్పండి" అని అడిగితే ఎవరూ చెప్పరు. ఏముంది చెప్పడానికి అంటారు. మొదటి చెప్పులు ఎప్పుడు కొన్నారు, నీళ్ళు ఏ బావి నుంచి తెచ్చేవాళ్ళు, ఎవరిని తోడనిచ్చేవాళ్ళు కాదు, వండినవాళ్ళు ఎప్పుడు తినేవాళ్ళు అని అడగండి. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు అడగండి. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా కదులుతుంది. అత్తగారు ఉన్న గదిలో కోడలు మాట్లాడదు, ఆ కోడలికి డెబ్బై ఏళ్ళున్నా సరే. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. ఏది నిజమో తేల్చేద్దామని తొందరపడకండి. ఫోన్‌లో రికార్డు చేసి తేదీ, ఊరు, అక్కడ ఎవరెవరున్నారో మొదట్లోనే పలకండి. కాపీ ఇంకో చోట పెట్టండి. రాసేటప్పుడు వాళ్ళ మాట దిద్దకండి. "పోయిండు" అన్నవాళ్ళు "పోయిండు" అనే అనాలి, "బోయినాడు" అన్నవాళ్ళు "బోయినాడు" అనే.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మకు తొమ్మిదో ఏట పెళ్ళయింది. ఆ పిల్లవాడు ఏడాదిలో పోయాడు. పదేళ్ళ తరవాత మళ్ళీ పెళ్ళి చేశారు. మొదటి పెళ్ళి సంగతి ఆమె కన్నపిల్లలకే తెలియదు. నాకు మా అమ్మ చెప్పింది. ముప్పయ్యేళ్ళ కిందట నేను దాన్ని పేర్లు మార్చి, కథగా రాసి, ఒక పత్రికకు ఇచ్చేశాను. అచ్చయింది. పెద్దమ్మ కొడుకు చదివి గుర్తుపట్టాడు. ఆమె నన్ను తిట్టలేదు. మరుసటి పండక్కి వెళ్ళినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, "నన్ను అడిగితే నేనే చెప్పేదాన్ని కదే. ఆ పిల్లాడి పేరు కూడా తప్పు పెట్టావు" అంది. ఆమె అరవై ఏళ్ళు ఆ పేరు ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. నేను దాని మీద నాకు తోచిన పేరు రాసి అచ్చువేశాను.

కాబట్టి బతికున్న మనిషి కథ ఆమెకు చదివి వినిపించకుండా బయటికి ఇవ్వకూడదు. తీసెయ్యమన్నది తీసెయ్యాలి. ఇంట్లో ఉంచి, పిల్లలు పెద్దయ్యాక చదవమన్నది అలాగే ఉంచాలి. మనకంటే బలంగా ఉన్నవాళ్ళ తప్పులు రాయడానికి అనుమతి అక్కర్లేదు. మనకంటే బలహీనంగా ఉన్నవాళ్ళ గాయాలు రాయడానికి వాళ్ళు ఊఁ అనాల్సిందే.

ఊరు మిగలనివాళ్ళు

వెళ్ళి అడగడానికి ఊరే లేనివాళ్ళున్నారు. 1981లో శ్రీశైలం నీళ్ళు ఎక్కినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయాయి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటికి వస్తుంది, జనం వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తారు. చుట్టూ మునిగిన ఊళ్ళలో ఎవరి ఇల్లు ఎక్కడుండేదో చెప్పగలిగేవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్దాం. ఊరి పటం గీయించుకుందాం. ఇల్లు ఇంటికి పేరు రాయించుకుందాం. పోలవరం, మల్లన్నసాగర్ కింద లేచిన ఊళ్ళవాళ్ళకు ఇంకా అన్నీ గుర్తున్నాయి, అక్కడ ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.

రంగూన్ రేవులో మూటలు మోసిన మన ఉత్తరాంధ్ర వాళ్ళు 1942లో జపాన్ బాంబులకు కొండలూ అడవులూ దాటి నడిచి తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలివాళ్ళతో ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా నెటాల్‌కు 1,52,184 మంది కూలి ఒప్పందం మీద వెళ్ళారు. ఓడ రిజిస్టరులో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా రాశారు. ఇక్కడి కూలివాళ్ళ గురించి ఇంత వివరంగా రాసింది వాళ్ళను అమ్ముకున్నవాళ్ళే కావడం బాధాకరం. కానీ ఆ రాత ఇవాళ పనికొస్తుంది. అక్కడి మునిమనవరాలికి మన ఊరి పేరు తెలుసు, అక్షరాలు మారిపోయి ఉంటాయి. ఆ ఊరు ఏదో గుర్తుపట్టి చెప్పే పని ఇక్కడున్న మనది.

మేం అడిగేది

నెలకోసారి, ఐదారుగురు, ఎవరో ఒకరి ఇంట్లో కూర్చోండి. ఒక నెల పుస్తకం, ఒక నెల మీరు రాసింది. వేరే కులం, వేరే మతం, వేరే వీధి వాళ్ళు గుంపులో తప్పకుండా ఉండాలి. అందరూ ఒకే రకం ఇళ్ళ నుంచి వస్తే రెండో కుంచం సంగతి అక్కడ ఎప్పటికీ రాదు. అచ్చు వెయ్యాలన్న తొందర వద్దు. ఇరవై పేజీల నోట్‌బుక్కు జిరాక్స్ తీయించి, ఇంట్లో అందరికీ ఒక్కో కాపీ, కథలో వచ్చిన ఆ రెండో ఇంటికి ఒక కాపీ ఇవ్వండి. ఆ రెండో ఇంటికి ఇవ్వలేనిది ఇంకా పూర్తి కానట్టే.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు సంచిలో ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మొదటి పేజీ మీద తేదీ వెయ్యండి. దాని కింద మీ అమ్మమ్మను కన్నతల్లి పేరు రాయండి. తెలియకపోతే ఆ గీత ఖాళీగా ఉంచి, ఇప్పుడే అమ్మకు ఫోన్ చేసి అడగండి.